మూడో ప్రకటన విన్నవాళ్లు

పోయిన నెల రాయ్‌పూర్ వెళ్లాను. మా అక్క మనవరాలి పెళ్లి ప్రకటన ఆ ఆదివారం చర్చిలో మూడోసారి చదువుతారట. మోకాళ్లు సహకరించడం లేదు, నువ్వొచ్చి పక్కన కూర్చోమంది అక్క. వెళ్లి కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు కుర్రవాడు, చేతిలో కాగితం కూడా లేదు, ఫోను చూసి చదివాడు. ఫలానా వారి కుమార్తెకూ ఫలానా వారి కుమారుడికీ వివాహం నిశ్చయమైంది, దీనికి ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం తెలిసి ఉంటే ఇప్పుడే తెలియజేయాలి అని, మా చిన్నప్పుడు విన్న మాటలే చదివి, ఆనవాయితీ ప్రకారం కాసేపు ఆగాడు. ఫ్యాన్లు తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు మా అక్క, డెబ్బై దాటిన మనిషి, నా భుజం మీద చెయ్యి ఆన్చి లేచి నిలబడి, "ఎవరికీ లేదండీ" అని చర్చంతా వినబడేట్టు చెప్పి కూర్చుంది.

నవ్వులు వినబడ్డాయి. మేనల్లుడు తల దించుకున్నాడు. బయటికొచ్చాక ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, అమ్మగారికి ఈమధ్య కాస్త మరుపు ఎక్కువైందా అని జాలిగా అడిగింది. నాకు ఒళ్లు మండింది. ప్రకటన చదివాక నోరు మెదపకూడదని, మౌనంగా ఉంటేనే ఒప్పుకున్నట్టని, ఆవిడ పుట్టకముందు నుంచీ మా అక్కకి తెలుసు. అక్క మరిచిపోయి మాట్లాడలేదు, గుర్తుండి మాట్లాడింది. ఆ సంగతి తెలిసినవాళ్లలో అమ్మా నాన్నా లేరు, బావా పోయాడు, ఇక మిగిలింది మేమిద్దరమే. అందుకే ఇదంతా రాయడం.

అప్పట్లో మేం ఈ రాయ్‌పూర్‌లోనే రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. నాన్న వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు, అమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ గుంటూరు జిల్లాలో రేపల్లె వైపు వాళ్లు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కుళాయి దగ్గర ఛత్తీస్‌గఢీ. నాన్న కోపం తెలుగులో మొదలై హిందీలో ముగిసేది. తెల్లారకముందే అమ్మ వరండాలో సిగిడీ రాజేసేది. బొగ్గుల కుంపటిని మా వైపు అలాగే అంటారు. ఆ పొగ, అమ్మ చీరని ఎంత ఉతికినా వదలని ఆసుపత్రి మందునీళ్ల వాసన, ఊరి నుంచి వచ్చిన గోంగూర జాడీ మూత తీసినప్పటి ఘాటు, ఈ మూడూ కలిస్తే నా ముక్కుకి అది మా ఇల్లు. శనివారం సాయంత్రం నాన్న ఇంటిల్లిపాది చెప్పులూ బూట్లూ వరండాలో వరసగా పెట్టి, పాత బనీను ముక్కతో పాలిష్ పట్టేవారు. ఆ పని ఎవరినీ చెయ్యనిచ్చేవారు కాదు. ఆదివారం పొద్దున అమ్మ కోడికూరకి మసాలా నూరి, దాని మీద పళ్లెం మూతపెట్టి, తెల్ల చీర కట్టుకునేది. పట్టాల మీది వంతెన దాటి నడిచి వెళ్లేవాళ్లం. చర్చి స్టేషనుకి అవతల, ఊళ్లో ఉండేది. ఆరాధన అయ్యాక ఆ మసాలా తలుచుకుంటూ వచ్చేటప్పటి నడకలో నాకున్నంత ఉత్సాహం వెళ్లేటప్పుడు ఉండేది కాదు.

మా అయ్యగారి ఇల్లు కాలనీకి ఇవతలే, మా వరసలోనే చివర. పొట్టి మనిషి, పెద్ద గొంతు, ఎండాకాలంలో కూడా కోటు విప్పేవారు కాదు. మాకెవరికైనా జ్వరమొస్తే అమ్మ కంటే ముందు ఆయనే వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. కానీ పద్ధతి దగ్గర మాత్రం ఇనుప మనిషి. పెళ్లి ప్రకటన సంఘం ముందు మూడు ఆదివారాలు చదవాలి. రెండు చదివి సరిపెట్టండయ్యా అని బతిమాలినవాళ్లు లేకపోలేదు, వాళ్లలో డబ్బున్నవాళ్లూ ఉన్నారు. ఒక్కరి మాటా సాగలేదు. ఊరు కాని ఊళ్లో ఉన్న మనకి ఈ పద్ధతి కూడా లేకపోతే ఎవరి పిల్ల ఎవరికి పోతుందో అడిగే దిక్కుండదు అనేవారు.

అక్క పేరు కరుణ. నాకంటే చాలా పెద్దది, నేను ఎనిమిదో తరగతి చదివేటప్పటికే కాలనీ స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. మాట తక్కువ. అంతకు రెండేళ్ల ముందు ఒక సంబంధం ఖాయమై, సొంతూళ్లో నానమ్మ పోవడంతో పెళ్లి వాయిదా పడింది. వాయిదా అన్నాం అంతే, అవతలివాళ్లు చప్పుడు చెయ్యకుండా వేరే సంబంధం చేసేసుకున్నారు. అక్క ఏడవలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు సిగిడీ ముందు కూర్చుని, ఎసరు మరిగిపోతున్నా చూడకుండా ఉండిపోయేది. అలాంటిది ఖరగ్‌పూర్ నుంచి ప్రసాదు బావ సంబంధం వచ్చింది. ఆయన కూడా రైల్వేలోనే. ఒక్కసారి మా ఇంటికొచ్చి వెళ్లాడు, ఆ రోజు అక్క వంటింట్లో పాట పాడుకోవడం నేను చెవులారా విన్నాను. బావకి ఎక్కడో అస్సాం వైపు బదిలీ అయింది. అక్కడ చేరబోయే ముందు దొరికిన సెలవు ఒక్క వారమే. పెళ్లి మంగళవారం. మర్నాడు బుధవారం నుంచి శ్రమదినాలు, అంటే ఉపవాసాల రోజులు, ఈస్టరు దాకా మా చర్చిలో పెళ్లిళ్లు ఉండవు. రెండు ప్రకటనలు అయ్యాయి. మూడోదానికి మిగిలింది పెళ్లికి ముందటి ఆదివారమే.

ఆ ఆదివారం ఇంకా రాకముందే ఊళ్లో గొడవలు మొదలయ్యాయి. ఏదో ఊరేగింపు దగ్గర మాటామాటా పెరిగిందన్నారు, రాళ్లు పడ్డాయన్నారు, బజారులో దుకాణాలు తగలబడుతున్నాయన్నారు. మా మేడ మీద నుంచి చూస్తే గుఢియారీ వైపు పొగ కనబడేది. ఊళ్లో కర్ఫ్యూ పెట్టారు. కాలనీలో పగలు తిరగనిచ్చేవాళ్లు కానీ నలుగురి కంటే ఎక్కువమంది ఒకచోట చేరకూడదని మైకులో చెప్పి వెళ్లారు. అమ్మ ఆసుపత్రి నుంచి వస్తూనే చీర విప్పి చన్నీళ్లలో నానబెట్టింది. ఆ నీళ్లు ఎర్రబడటం నేను చూశాను. ఎప్పుడూ కుళాయి దగ్గర వేళాకోళాలాడుకునే ఆడవాళ్లు బిందెలు నింపుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. పొగ దూరంలో ఉంది, ఈ మౌనం మాత్రం మా కుళాయి దగ్గరికే వచ్చేసింది.

మర్నాడు పొద్దున రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలోకి మిలిటరీ లారీలు వచ్చాయి. వాటిని గేటువైపు మొహం పెట్టి వరసగా నిలిపారు, పిలుపు వస్తే వెనక్కి తిప్పే పని లేకుండా. డేరాలు వేశారు, రాళ్లకి సున్నం కొట్టి దారికి అటూ ఇటూ పేర్చారు. పోలీసులవల్ల కాకపోతే, కలెక్టరు రాసి ఇస్తే, అప్పుడు వీళ్లు ఊళ్లోకి దిగుతారట. అందాకా బూట్లు విప్పకుండా కూర్చోవాలి. ఎక్కువమంది కొండప్రాంతాల కుర్రాళ్లు. వాలీబాల్ ఆడేవాళ్లు, రొట్టెలు కాల్చుకునేవాళ్లు, కానీ ఒక్క జీపు చప్పుడైతే చాలు, ఆట అక్కడికక్కడ ఆగిపోయి అందరి తలలూ గేటువైపు తిరిగేవి. ఒక జవానుకి వేడి పప్పు చేతిమీద ఒలికితే కట్టు కట్టడానికి అమ్మని పిలిపించారు. అమ్మ తిరిగొచ్చి నాన్నతో చెప్పింది, వాళ్ల సుబేదారు పెద్దాయన, మేం ఎంత ఖాళీగా ఉంటే మీ ఊరు అంత బాగున్నట్టు సిస్టర్ అన్నాడని. అమ్మకి ఆయన నచ్చాడు.

శనివారం సాయంత్రం అయ్యగారు మా ఇంటికొచ్చారు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పారు. చర్చి కర్ఫ్యూలో ఉంది, రేపు తాళం తియ్యనివ్వరు. ఇంట్లో ఆరాధన పెడదామంటే నలుగురి కంటే ఎక్కువ కూడకూడదు. నలుగురు సంఘం అనిపించుకోరు. ఆదివారం దాటితే ఇక శ్రమదినాలు. ఈస్టరు అయ్యాకే. నాన్న చేతిలో పాలిష్ గుడ్డ అలాగే ఉండిపోయింది. ఈస్టరుకి కుర్రాడు అస్సాంలో ఉంటాడు, మళ్లీ సెలవు ఎప్పుడో, ఈలోగా వాళ్ల అమ్మ ఊరుకుంటుందా అని అమ్మ మొదలుపెట్టి, మాట మధ్యలో ఆపేసింది. వాయిదా అనే మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఆ సాయంత్రం అది మా నలుగురి మధ్యా కూర్చుని ఉన్నట్టే ఉంది.

అక్క గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది. ఉన్నట్టుండి అడిగింది. "అయ్యగారూ, నలుగురి కంటే ఎక్కువమంది కూడటానికి ఈ ఊళ్లో ఎవరికి పర్మిషన్ ఉంది?"

అయ్యగారికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అక్క చేత్తో మైదానం వైపు చూపించింది. ఆయన అటు చూశారు. "వాళ్లకి నువ్వెవరో, ఆ అబ్బాయెవరో తెలవదు కదమ్మా. తెలిసినవాళ్లు వినాలనే గదా ప్రకటన" అన్నారు.

"తెలిసినవాళ్లంతా రెండుసార్లు విన్నారండి. మూడోసారి తెలవనివాళ్లు వింటే వచ్చే నష్టం ఏంది? సంఘమంటే గోడలు కాదు మనుషులని ప్రతి వారం చెప్పేది మీరేగా."

అక్క అయ్యగారికి ఎదురు చెప్పడం నేను అదే మొదటిసారి చూశాను. ఆయన కోటు గుండీ ఒకటి పెట్టుకుని, విప్పి, మళ్లీ పెట్టుకున్నారు. ఆరాధనకని వచ్చి కూర్చున్నవాళ్లు ఆ గంటసేపూ సంఘమే, అది నేను కాదనలేను, కానీ వాళ్లు ఒప్పుకోవాలి కదా అన్నారు చివరికి. నాన్న లేవబోయారు. నా పెళ్లి నాన్నా, నేనే అడుగుతాను అని అక్క చెప్పులు వేసుకుంది. నన్ను తోడు తీసుకుంది.

గేటు దగ్గర సెంట్రీ ఆపాడు. సుబేదారుని పిలిపించాడు. నెరిసిన మీసం, అలసిన కళ్లు. అక్క స్కూల్లో చెప్పే శుద్ధమైన హిందీలో, పాఠం వివరించినట్టు, మా పద్ధతి ఏమిటో, మూడో ఆదివారం ఎందుకు కావాలో, తర్వాత వచ్చే శ్రమదినాలేమిటో అన్నీ చెప్పింది. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. కెప్టెన్ డేరాలోకి తీసుకెళ్లాడు. కెప్టెన్ మా అక్క వయసువాడే ఉంటాడు. అంతా విని ఒకే షరతు పెట్టాడు. మధ్యలో పిలుపు వస్తే పాట మధ్యలోనైనా సరే, మావాళ్లు లేచి వెళ్లిపోతారు, అప్పుడు మమ్మల్ని అనకూడదు అన్నాడు. అక్క సరేనంది.

ఆదివారం ఇన్‌స్టిట్యూట్ హాల్లో జంపఖానాలు పరిచారు. రాదలుచుకున్నవాళ్లే రండని చెప్పారట, దాదాపు అందరూ వచ్చేశారు. వాళ్లలో మా మతం వాళ్లు ఐదారుగురు ఉంటే గొప్ప. మిగతావాళ్లు రోజుల తరబడి డేరాల్లో కూర్చుని విసిగిపోయి ఉన్నారు. బూట్లతోనే బాసింపట్లు వేసుకుని, వరసలు కొలిచి గీసినట్టు కూర్చున్నారు. మేం నలుగురం గోడవారగా. అయ్యగారు తెలుగులో పాట ఎత్తుకుంటే అమ్మ గొంతు కలిపింది, రెండో చరణానికి ముందు వరసల్లో కొందరు చప్పట్లు అందుకున్నారు. ప్రసంగం హిందీలో చెప్పారు. అయ్యగారి హిందీ గుంటూరు మీదుగా వచ్చిన హిందీ. అయినా ఎవరూ పక్కచూపులు చూడలేదు.

ప్రకటన కాగితం చేతిలోకి తీసుకున్నారో లేదో, బయట జీపు వచ్చి ఆగింది. హాల్లో ఒక్కసారిగా వీపులన్నీ నిటారుగా అయ్యాయి. ఒకతను లోపలికొచ్చి కెప్టెన్ చేతిలో చీటీ పెట్టాడు. వెనక వరసలోవాళ్లు అప్పటికే మోకాళ్ల మీదికి లేచారు. నాన్న కళ్లు మూసుకున్నారు. అక్క మాత్రం కెప్టెన్ మొహమే చూస్తోంది. వీళ్లు ఇప్పుడు లేచి వెళ్తే తన పెళ్లి ఆగిపోతుంది, ఊరికి అంతకంటే పెద్ద ఆపద వచ్చినట్టు. ఆ రెండిటిలో దేనికి ఎక్కువ భయపడాలో తెలియని మొహం అది. నేను ఈనాటికీ మరిచిపోలేదు. కెప్టెన్ చీటీ చదివి, మడిచి, సుబేదారు చెవిలో ఏదో చెప్పాడు. సుబేదారు గట్టిగా ఊపిరి వదిలి, కూర్చోమన్నట్టు అరచెయ్యి కిందికి ఊపాడు. ఊరు సద్దుమణిగిందట. రేపటినుంచి పగలు కొన్ని గంటలు కర్ఫ్యూ సడలిస్తారట. ఆ మాట వరసల వెంట గుసగుసగా పాకింది, కుర్రాళ్ల మొహాలు విప్పారాయి. ఇంటికి వెళ్లిపోవచ్చునన్న ఆశ మొహాన ఎలా కనబడుతుందో నాకు అప్పుడు తెలిసింది.

అయ్యగారు ప్రకటన తెలుగులో చదివి, తర్వాత హిందీలో చదివారు. ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం తెలిసి ఉంటే ఇప్పుడే చెప్పాలి అన్నారు. ఎప్పటిలా ఆగారు. ఫౌజులో పెద్దవాళ్లు ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా కూర్చోవడం తప్పని మాకు తెలియదు. చర్చిలో జవాబు చెప్పడం తప్పని వాళ్లకు తెలియదు. సుబేదారు లేచి నిలబడ్డాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన వెనక్కి తిరిగి, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తన మనుషుల్ని చూసి, పాద్రీసాబ్ అడుగుతున్నారు, ఈ షాదీకి ఎవరికైనా ఏతరాజ్ ఉందా అని గట్టిగా అడిగాడు.

"నహీ సాబ్!"

హాలు దద్దరిల్లింది. కిటికీ అద్దాలు కదిలాయి. గోడ మీది పావురాలు లేచిపోయాయి. సుబేదారు అయ్యగారి వైపు తిరిగి, ఎవరికీ లేదు పాద్రీసాబ్ అని రిపోర్టు ఇచ్చినట్టు చెప్పి కూర్చున్నాడు. అయ్యగారు కళ్లజోడు తీసి, కోటు అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయారు. అక్క అప్పుడు ఏడ్చింది. నానమ్మ పోయినప్పటినుంచీ దాచుకున్నదంతా ఏడ్చింది, మధ్యమధ్యలో నవ్వింది కూడా.

సోమవారం ఖరగ్‌పూర్ వాళ్లు దిగారు. బావ తల్లి పద్ధతి గల మనిషి, కాఫీ కప్పు పట్టుకోకముందే, ఊరంతా కర్ఫ్యూ అంటున్నారే, మూడో ప్రకటన ఎక్కడ చదివారు, విన్నదెవరు అని అడిగింది. అయ్యగారే జవాబు చెప్పారు. "నూరు మంది దాకా విన్నారమ్మా. నేనింత కాలంగా ప్రకటనలు చదువుతున్నాను, నా సంఘంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కానీ లేదని నోరు తెరిచి చెప్పినవాళ్లు వీళ్లే." ఆవిడ కాఫీ తాగింది.

ఇప్పుడు ఊళ్లో ఎక్కడన్నా చిన్న గొడవ జరిగితే, ఆ వార్త అరనిమిషంలో ఇంటింటికీ చేరుతుంది. అప్పుడు మాకు పొగ తప్ప ఏమీ తెలిసేది కాదు. ఇప్పుడు అంతా తెలుసు, కుళాయి దగ్గరి ఆ మౌనం మాత్రం అపార్ట్‌మెంటు లిఫ్టులో కనబడుతుంది. ఇన్‌స్టిట్యూట్ మైదానంలో కార్లు నిలుపుతున్నారు. సిగిడీని చూసిన పిల్లలు మా ఇంట్లోనే లేరు. అక్క మనవరాలు చేసుకునేది బీర్‌గావ్ కార్ఖానాలో ఇంజనీరుగా ఉన్న ఛత్తీస్‌గఢీ కుర్రవాణ్ని. సంఘంలో కొందరు మొహం మీద నవ్వుతూనే వెనక గొణుక్కుంటున్నారని నాకు ముందే చెవిన పడింది. ఆ గొణుగుడికే మా అక్క లేచి నిలబడింది. నేను పైన రాయనిది ఒకటుంది. ఆమె కూర్చున్నాక నవ్వులు ఆగి, వెనక బెంచీల్లోంచి ఒక కుర్రగొంతు "లేదండీ" అంది. తర్వాత ఇంకోటి, ఆపైన ఆడపిల్లల గొంతులు. ఎందుకంటున్నారో వాళ్లకి తెలియకపోవచ్చు. అయినా అన్నారు. కాలం చెడిపోయిందని నా ఈడువాళ్లు అంటే నేనిప్పుడు తల ఊపడం మానేశాను.

అప్పటి ఆ మంగళవారం కర్ఫ్యూ సడలించిన గంటల్లోనే అక్క పెళ్లి అయిపోయింది. ఊరివాళ్లు కూరగాయలకీ నూనెకీ పరుగులు తీస్తుంటే, వాళ్ల మధ్య నుంచి మేం చర్చికి వెళ్లాం. జనం పక్కకి జరిగి పెళ్లికూతురికి దారి ఇచ్చారు. తిరిగొచ్చాక అక్క పెళ్లిచీర మార్చుకోకుండానే, బావనీ నన్నూ వెంటబెట్టుకుని, లడ్డూల డబ్బాతో మైదానానికి బయల్దేరింది. అప్పటికే డేరాలు దించేస్తున్నారు, వెనక్కి రమ్మని ఆర్డరు వచ్చిందట. లారీలు ఒక్కసారైనా ఊళ్లోకి పోలేదు. సుబేదారు గేటు దాకా వచ్చి డబ్బా అందుకున్నాడు, బావ భుజం తట్టాడు. మీ మేలు మరిచిపోనని అక్క చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇన్ని రోజులు తయారుగా కూర్చున్నాం, బేటీ" అన్నాడు. "ఈ షహర్‌లో మేం చేసిన డ్యూటీ నీ షాదీ ఒక్కటే."